సాయంత్రం చేరిన మధ్యాహ్నం

నేను విశాఖపట్నం వచ్చిన కొత్తలో, అంటే తొంభైల మొదట్లో, మా పేపరుకి జిల్లా వార్తలు బస్సెక్కి వచ్చేవి. పాడేరు, నర్సీపట్నం, చోడవరం విలేకరులు తెల్లకాగితాల మీద వార్త రాసి, కవర్లో పెట్టి, పైన పేపరు పేరు ఎర్రసిరాతో రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో ఒక సోడా కొట్టు పక్కన గోడకి మా రేకు డబ్బా ఉండేది. డ్రైవర్లు దిగగానే అందులో పడేసి టీకి పోయేవారు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అటెండరు సైకిలు మీద వెళ్లి తెచ్చేవాడు. ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగి పడితే పాడేరు బస్సు ఆగిపోయేది. బస్సుతోపాటు వార్త కూడా ఆగేది. ఆగేదే గాని పోయేది కాదు. దారి తెరిచాక రెండు మూడు రోజుల కవర్లు ఒక్క కట్టగా వచ్చి పడేవి.

చిక్కంతా అక్కడే. కవరు విప్పితే 'నిన్న రాత్రి కురిసిన భారీ వర్షానికి' అని మొదలయ్యేది. ఏ నిన్న? రాసినవాడి నిన్నా, విప్పినవాడి నిన్నా?

మా డెస్క్ ఇన్‌చార్జిది బందరు. ఆయన బల్ల దగ్గర ఒకటే నియమం. విలేకరి కాపీలో 'నేడు', 'నిన్న' అన్న మాటలు కనిపిస్తే కొట్టేయాలి. జరిగిన రోజు వేయాలి, గంట తెలిస్తే గంట కూడా వేయాలి. "కాగితం మన బల్ల మీదికి ఎప్పుడొచ్చిందన్నది మన గొడవ. అది పాఠకుడికెందుకయ్యా?" అనేవారు. ఆయన సెలవులో ఉన్నప్పుడు, ఆలస్యంగా వచ్చిన ఒక కవరులో 'నేడు మంత్రి రాక' అని ఉంటే ఎవరో అలాగే అచ్చు వేయించేశారు. మంత్రి అప్పటికే వచ్చి, శంకుస్థాపన చేసి, భోంచేసి వెళ్లిపోయారు. అయినా పేపరు చూసి ఆ ఊళ్లో కొంతమంది మళ్లీ దండలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. అప్పట్నుంచి మా ఆఫీసులో ఎవరు ఆలస్యమైన సంగతి చెప్పినా "మంత్రి రాకలా ఉంది" అనేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లకి జీతం సంగతికంటే ముందు ఈ కథ చెప్పేవాళ్లం.

రేకు డబ్బా పోయింది, ఫ్యాక్స్ వచ్చింది, ఫ్యాక్స్ పోయి కంప్యూటర్లు వచ్చాయి. రెండు వేల సంవత్సరం దాటాక మా ఆఫీసు ఆటోనగర్ అంచున కొత్త భవనంలోకి మారింది. కింద ప్రెస్సు, పైన డెస్క్, మెట్ల పక్కన అద్దాల తలుపుతో చిన్న ఏసీ గది. అందులో మా పేజీలన్నీ దాచుకునే పెద్ద కంప్యూటరు, సర్వర్. ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది దానికొక్కదానికే. మేమందరం ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటూ పేజీలు పెట్టేవాళ్లం.

ఆ గదిని చూసుకునే అతన్ని ఆఫీసంతా బావ అనేది. అతను కూడా అందరినీ బావా అనే పిలిచేవాడు, ఒక్క నన్ను తప్ప. నాకు వయసు వచ్చిందని గుర్తు చేస్తున్నట్టు మేస్టారూ అనేవాడు. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు వాళ్లది, వ్యవసాయ కుటుంబం. ముప్పై దాటాయో లేదో. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి హెడ్డాఫీసు నుంచి కాగితం వస్తే ఇంకో ఏడాది ఉన్నట్టు. భార్య దువ్వాడలో ఒక కాలేజీలో లెక్చరరు. ఆ వేసవిలోనే అక్కడ ఒక అద్దె ఇంట్లోకి మారారు.

ఓ సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర అతను గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"టీ చల్లారిపోతోంది బావా" అన్నాను.

"సల్లారనీండి మేస్టారూ. నానే సల్లారిపోతన్నాను."

"ఏమైంది?"

"ఏటవుద్ది. ఎర్ర రంగు."

అప్పుడు చెప్పుకొచ్చాడు. హెడ్డాఫీసులో కొత్తగా ఒక పెద్ద తెర పెట్టారు. అన్ని ఊళ్ల ఎడిషన్ల కంప్యూటర్లూ తమ ఒంటి సంగతి నిమిషానికోసారి అక్కడికి పంపాలి. డిస్కులో ఎంత ఖాళీ ఉంది, మెమొరీ ఎంత వాడుతోంది, లోపల ఎంత వేడిగా ఉంది, ఇలాంటివి. రీడింగు వస్తే ఆ ఊరు తెర మీద ఆకుపచ్చగా వెలుగుతుంది. రాకపోతే ఎర్రబడుతుంది. నెలాఖరున ఏ ఊరు ఎంతసేపు ఎర్రగా ఉందో లెక్క తీస్తారు. అందులో విశాఖపట్నానిదే మొదటి స్థానం.

"మన సర్వర్ అంతగా ఆగిపోతోందా? నాకు తెలియనేలేదే" అన్నాను.

"ఎక్కడాగింది మేస్టారూ! గుండ్రాయిలాగుంది. ఆగేది లైను. హెడ్డాఫీసుకీ మనకీ మజ్జిన ఉన్న లైను. ఈ రోడ్డులో ఎప్పుడు సూసినా ఎవుడో ఒకడు తవ్వుతానే ఉంటాడు. కాలవకి ఒకడు, నీల్ల గొట్టానికి ఒకడు. లైను తెగినాదంటే రీడింగు ఎల్లదు. ఎల్లకపోతే అదక్కడే పోద్ది. ఆల్ల తెర మీద మనం సచ్చినట్టు నెక్క."

"అది చెప్పొచ్చుగా వాళ్లకి."

"సెప్పీసినాను. అక్కడి మేనేజరుగారేటన్నారో తెల్సా? నాకు కారణాలొద్దయ్యా, రంగు కావాలన్నారు. నెలాకరుకి నా కాగితం రావాల. ఈ నెల కూడా ఎర్రగా ఉంటే మధురవాడలో కంపెనీ ఏదో ఉందంట, దానికి అప్పజెప్పీత్తారంట సర్వర్ గది." గ్లాసులో టీ పారబోశాడు. "దువ్వాడ ఇంట్లో మా ఆవిడ సామాన్లు ఇప్పట్లేదు మేస్టారూ. అట్టపెట్టెలు అలగే ఉన్నాయి. కాగితం వచ్చినాకే ఇప్పుతానంటంది. ఇడ్లీ పాత్ర కూడా పెట్లోనే ఉంది."

అతనికి పోయేది ఒక ఉద్యోగం మాత్రమే కాదని అప్పుడు నాకర్థమైంది. ఈ ఊరు కూడా పోతుంది. భార్య ఉద్యోగం ఇక్కడ, అతనిది ఎక్కడో.

నేను పాత అలవాటుకొద్దీ రేకు డబ్బా సంగతి ఎత్తాను. బస్సు రాకపోతే విలేకరి కవరు చింపి పారేసేవాడు కాదు కదా, డబ్బాలాంటిదేదో మధ్యలో ఉంటే సరిపోదా అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు.

"అదే కదా మేస్టారూ పది రోజులుగా సదువుతన్నాను. దాన్నే మెసేజ్ క్యూ అంటారు. సింహాచలంలో చందనం నాడు లైనుంటాది సూడండి. లోన తలుపేసీసినా జనం ఇంటికి పోరు. ముందున్నోడు ముందే, ఎనకాలున్నోడు ఎనకాలే. తలుపు తెరిస్తే మల్లీ కదుల్తారు. రీడింగులు కూడా అలగే. ఇక్కడే ఒక పాత మిషన్లో క్యూ పెట్టీసి, అన్నీ అందులో పడీసినట్టు చేస్తాను. లైనుంటే ఎంటనే ఎల్లిపోతాయి. నేకపోతే నిలబడతాయి. ఒక్కటి పోదు."

"మరింకేం?"

"మేనేజరుగారు ఒప్పుకోవాల."

ఆయన ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో బావ మర్నాడు ఆ గొంతుతోనే చేసి చూపించాడు: "చేసుకో. తేడా వస్తే మాత్రం నన్నడక్కు."

స్టోరులో మూలపడ్డ ఒక పాత కంప్యూటరు తెచ్చి, పోర్టు వైపు నుంచి కొట్టుకొచ్చే నల్లదుమ్ము దాన్లోంచి బ్రష్షుతో దులిపి, సర్వర్ పక్కన బల్ల మీద పెట్టాడు. రెండు మూడు రోజులు దాని ముందే కూర్చున్నాడు. లైను తనే పీకేసి, కాసేపాగి తనే పెట్టేవాడు. పెట్టగానే నిలబడిన రీడింగులన్నీ జలజలా వెళ్లిపోయేవి. ప్రతిసారీ అద్దంలోంచి నా వైపు చూసి బొటనవేలు ఎత్తేవాడు. కాని పీకినదల్లా పది నిమిషాలకే. పదేసి నిమిషాల్లో సర్వర్ సంగతి పెద్దగా ఏం మారుతుంది? ఈ ప్రశ్న అతనికీ రాలేదు, నాకూ రాలేదు.

ఆ వారంలోనే విశ్వకర్మ పూజ వచ్చింది.

ఈ ఊళ్లో ఆ పండగ ఎలా చేస్తారో బయటివాళ్లకి తెలియదు. స్టీల్ ప్లాంటు చుట్టూ ఉన్న ప్రతి వర్క్‌షాపులో, లారీ షెడ్డులో, లేతు మిషన్ల కొట్టులో ఆ రోజు పందిరి లేస్తుంది. యంత్రాలు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. మా ప్రెస్సులో కూడా చేసేవాళ్లు. మాకు సెలవు లేదు కాబట్టి పొద్దున్నే పూజ ముగించి, పులిహోర తిని పనిలో పడేవాళ్లం. పూజ బాధ్యత ప్రెస్సు ఫోర్‌మన్‌ది. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మాట పెద్దది, మనసు ఇంకా పెద్దది.

ఆ రోజు పొద్దున పక్కనున్న వెల్డింగు షాపువాళ్లు పందిరి రాటకి గునపంతో గొయ్యి తీశారు. మూడో నాలుగో పోటుకి మా లైను తెగింది.

బావ పరుగున వెళ్లాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గొయ్యి దగ్గర అతను, చేతిలో గునపంతో వెల్డింగు షాపు మేస్త్రీ.

"ఏటి బావా, సూసుకోవాల కదా!" అంటున్నాడు బావ.

"ఏటి సూత్తాను? తీగలు మీరు పైపైన పాతీసి నన్నంటావేటి? దేవుడి పందిరి బావా. దేవుడి మీద కేసెడతావా?"

"దేవుడి మీద కాదు, నీ మీదెడతాను."

"ఎట్టు. ముందు పెసాదం తిను, తరవాతెడుదువు."

తిట్టుకుంటూనే ఇద్దరూ కలిసి మట్టి తోడారు. టెలిఫోన్ వాళ్లకి కబురెళ్లింది. పండగ పూట మనుషులు లేరు, మధ్యాహ్నం దాటాక వస్తామన్నారు. బావ అక్కడే ఉండిపోయాడు. ఇంకో గునపం పడకుండా కాపలా కాయాలని.

అతనలా బయట ఉండగా మా ఫోర్‌మన్ పైకి వచ్చారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, చేతిలో బంతిపూల దండ, భుజాన కొత్త పసుపుగుడ్డ. అద్దాల గది ముందు ఆగి నాతో అన్నారు: "ఏవండీ, కింద మిషన్లన్నిటికీ బొట్టు పెట్టాం. బైండింగు సూదికి కూడా పెట్టాం. ఆఖరికి కత్తెరకి కూడానండీ. ఈ పెట్టెకి మాత్రం రెండేళ్ల నుంచీ ఎవరూ చెయ్యట్లేదండీ. అందుకే కాబోలు ఆ కుర్రాడికి ఇన్ని తిప్పలు. ఆయ్."

ఆయన లోపలికి వెళ్లి, ఎక్కడ పెట్టాలో ఆలోచించి, చిన్న దీపాలు వెలుగుతున్న ముందువైపే దాని ముఖం అని తేల్చుకున్నారు. ఆ ముఖానికి పసుపుగుడ్డ కప్పారు. దాని మీద మూర తక్కువ కాని బంతిపూల దండ రెండు వరసలుగా చుట్టారు. పైన బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, తలుపు జాగ్రత్తగా మూసి వచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సర్వర్ గాలి పీల్చుకునేది ఆ ముఖం గుండానే అని మాకెవరికీ తెలియదు.

భోజనాల వేళకి ఆ గదిలోంచి ఒక హోరు మొదలైంది. విమానం ఎగరబోయేముందు చేసే చప్పుడులాంటిది. లోపల ఫ్యాన్లు శక్తికొద్దీ తిరుగుతున్నాయి. నేను అటెండరుని గొయ్యి దగ్గరికి పరిగెత్తించాను. బావ మట్టికాళ్లతోనే వచ్చి, తలుపు తీసి, దండా గుడ్డా కలిపి ఒక్క లాగు లాగాడు.

"ఎవులిది?"

మెట్ల దగ్గర ఫోర్‌మన్ పులిహోర పళ్లెంతో నిలబడ్డారు. "నేనేనయ్యా. ఏం, బాగాలేదా?"

"బావుంది బావా, సానా బావుంది. దాని ముక్కు మూసీసి మూతికి దండేసినావ్. సచ్చిపోయినోలకి ఏత్తారు కదా, అలగ."

ఫోర్‌మన్ ముఖం చిన్నబోయింది. బావ అది చూసి, దండ తీసుకెళ్లి తన కుర్చీకి వేశాడు. "ఇక్కడుండనీ. దేవుడు నన్ను సూసుకుంటే సాలు, మిషన్ని నాను సూసుకుంటాను." హోరు నెమ్మదిగా తగ్గింది. సర్వర్ ఆగలేదు. ఎవరి పేజీ పోలేదు. అందరం పులిహోర తిన్నాం. ఆ సంగతి అంతటితో మర్చిపోయాం.

టెలిఫోన్ మనుషులు వచ్చి లైను అతికించి వెళ్లేసరికి సాయంత్రమైంది. డెస్క్ మంచి హడావిడిలో ఉంది, జిల్లా పేజీలు కడుతున్నాం. బావ నన్ను గదిలోకి పిలిచి పాత కంప్యూటరు తెర చూపించాడు. పొద్దుట్నుంచి నిలబడిన రీడింగుల లెక్క అందులో ఉంది. అది గబగబా తగ్గుతోంది.

"సూడండి మేస్టారూ, తలుపు తెరిసినారు. లైను కదుల్తంది. పొద్దున్నించి ఒక్కటంటే ఒక్కటి పోనేదు." నెల రోజుల్లో అతను నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ నవ్వు పూర్తికాకముందే అతని సెల్‌ఫోను మోగింది. మేనేజరు గొంతు నాకు కూడా వినిపించింది.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ? మీ సర్వర్ కాలిపోతోంది! హద్దు దాటేసింది వేడి. వెంటనే ఆపేయ్!"

బావ సర్వర్ మీద చెయ్యి వేశాడు. "సార్, సల్లగుంది సార్. నా సెయ్యి దాని మీదే ఉంది."

"నీ చెయ్యి థర్మామీటరా? తెర మీద కనిపిస్తుంటే! అది మాడిపోతే ఎవరిస్తారు? ఆపేయమంటున్నాను."

అద్దం అవతల నలుగురు సబ్ ఎడిటర్లు తలలు వంచుకుని పేజీలు కడుతున్నారు. సర్వర్ ఆపితే ఆ పేజీలు ఆగుతాయి. మళ్లీ లేచి అన్నీ సర్దుకునేసరికి పాడేరు, నర్సీపట్నం వ్యాన్లు తప్పిపోతాయి. ఎడిషన్ ఆలస్యానికి కారణం అని రిపోర్టులో పడేది ఇతని పేరే. ఆపకపోతే, చెప్పిన మాట వినలేదని ఇంకా పెద్ద నేరం. అతని చెయ్యి పవర్ బటన్ వైపు వెళ్తోంది.

నేను గదిలో ఉన్నాను కాబట్టి అడిగాను, అంతే. "బావా, వాళ్లు చూస్తున్నది ఎప్పటి వేడి?"

అతను ఫోను అరచేత్తో మూశాడు. "ఎప్పటిదేటి మేస్టారూ? ఇప్పటిదే కదా..." అని ఆగిపోయాడు.

"ఆ రీడింగులో టైము రాసి ఉంటుందా?"

"నేదు." అతని కళ్లు తెర మీదకి వెళ్లాయి. "టైము మనం ఎయ్యం. అక్కడ ఆల్ల మిషనేత్తాది. అందినప్పుడు." ఇంకొక్క క్షణం. "అంతకుముందు ఎంటనే అందీసేది కదా. అందినదే టైము. తేడా తెలీనేదు."

"మంత్రి రాక" అన్నాను.

అతను ఫోను మీద చెయ్యి తీశాడు.

"సార్, ఒక్క ముక్క. ఇక్కడి సర్వర్ నిమిసానికి ఒక్క రీడింగే కదా సార్ పంపుతాది? మీ తెర మీద ఈ ఒక్క నిమిసంలో మావి ఎన్నొచ్చినాయో సూడండి సార్."

అటువైపు కీబోర్డు చప్పుడు. "చాలా ఉన్నాయి. కుప్పలుగా వస్తున్నాయి."

"నిమిసానికి ఒకటి పంపే మిషను ఒక్క నిమిసంలో కుప్పలెలగ పంపుద్ది సార్? అవి ఇప్పటివి కావు. లైను తెగినప్పట్నుంచి క్యూలో నిలబడ్డవి. మీకిప్పుడు కనపడతన్నది మద్దేన్నం వేడి సార్."

"మధ్యాహ్నం మాత్రం ఎందుకు కాలింది?"

బావ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"పూజ సార్."

"ఏం పూజ?"

"విశ్వకర్మ పూజ సార్. సర్వర్‌కి దండేసినారు."

"సర్వర్‌కి దండ వేశారా?"

"నానెయ్యలేదు సార్, ఏసినారు. నాను తీసినాను."

ఆయన నవ్వు ఆపుకుంటున్నారో, కోపం ఆపుకుంటున్నారో తెలియలేదు. చివరికి అన్నారు: "ఫోను పెట్టకు. చూస్తూ ఉంటాను. నువ్వు చెప్పింది నిజమైతే అది దానంతటదే దిగాలి. దిగకపోతే ఆపేయాల్సిందే."

అక్కడ తెర ముందు ఆయన, ఇక్కడ సర్వర్ మీద చెయ్యి వేసుకుని బావ, పక్కన నేను. ఈ లోపల ఫోర్‌మన్ కూడా మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. విషయం ఎవరో చెప్పినట్టున్నారు, భుజం మీది తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. మేనేజరు ఫోన్లో క్రికెట్ కామెంటరీలా చదువుతున్నారు.

"పైనే ఉంది. ఇంకా పైనే ఉంది. ఇంకొంచెం పెరిగింది."

"అది అందరం బోయినానికెల్లినప్పుడు సార్" అన్నాడు బావ, సన్నగా.

"పైనే... పైనే... ఆగు. తగ్గింది."

"అదే సార్. గుడ్డ పీకీసినప్పుడు."

"తగ్గుతోంది. దిగుతోంది. దిగిపోయింది."

మా మధ్యాహ్నం మాకే ఫోన్లో వినిపించింది. హోరు మొదలవడం, అటెండరు పరిగెత్తడం, మట్టికాళ్లతో బావ రావడం, అంతా ఆ అంకెల్లో ఉంది. దిగిపోయింది అన్న మాట వినగానే ఫోర్‌మన్ "హమ్మయ్య" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. బావ అలాగే సర్వర్‌కి వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయాడు. అద్దం అవతల పేజీలు నడుస్తూనే ఉన్నాయి. అక్కడివాళ్లెవరూ తల కూడా ఎత్తలేదు.

మేనేజరు చివర్లో ఒక్క మాట అన్నారు. "ఈ రోజంతా మీ లైను లేదు కదా?"

"నేదు సార్, పొద్దున్నించీ."

"అయినా ఒక్క రీడింగు కూడా తప్పలేదు నా దగ్గర. ఇంతకుముందైతే రోజంతా చచ్చినట్టుండేది మీ ఊరు. ఆ టైము సంగతి చూడు. ఇక్కడేం మార్చాలో రాసి పంపు."

ఆ పని ఎంతసేపు పట్టిందో నాకు గుర్తులేదు, పెద్దగా పట్టలేదు. ప్రతి రీడింగూ క్యూలో పడకముందే తన గంటా నిమిషమూ తన మీద రాసుకునేటట్టు బావ మార్చాడు. హెడ్డాఫీసు తెర కూడా అందిన టైము కాకుండా పుట్టిన టైము చూసేటట్టు వాళ్లు మార్చుకున్నారు. మార్చాక ఓ మధ్యాహ్నం అతను లైను పీకి, ఈసారి రెండు గంటలు అలాగే వదిలేశాడు. లైను పెట్టాక మేనేజరుకి ఫోన్ చేసి, మీ తెర మీద మావి ఏ టైముకి పడినాయి సార్ అని అడిగాడు. పుట్టిన టైముకే పడ్డాయి, మధ్యలో ఎరుపు లేదన్న సమాధానం విని, చాలాసేపటికి బయటికొచ్చి, నా బల్ల మీద ఒక అరటిపండు పెట్టి వెళ్లాడు.

మా డెస్క్ ఇన్‌చార్జి అప్పటికి రిటైరై బందరు వెళ్లిపోయారు. ఫోన్ చేసి చెప్పాను. కంప్యూటరు కూడా 'నేడు' అని రాస్తుందా అని ఆశ్చర్యపోయారు. రాస్తే కొట్టేశామండీ అన్నాను. ఆయన తృప్తిగా దగ్గారు.

నెలాఖరుకి కాగితం వచ్చింది. దానితోపాటు, మిగతా ఎడిషన్లన్నిటిలోనూ ఇలాంటి క్యూలే పెట్టాలని, ఎలా పెట్టాలో విశాఖపట్నం నుంచి కనుక్కోమని ఒక ఈ-మెయిల్. మధురవాడ కంపెనీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం నన్నూ ఫోర్‌మన్‌నీ బావ దువ్వాడ రమ్మన్నాడు. రైలు పట్టాలకి ఇవతల కొత్తగా లేస్తున్న కాలనీలో, రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీయగానే చేపల పులుసు వాసన. గోడ వారన అట్టపెట్టెలు ఇంకా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి గాని మూతలు తెరిచి ఉన్నాయి, చాలావరకు ఖాళీ. వంటింటి అరల్లో స్టీలు గిన్నెలు మెరుస్తున్నాయి.

"రండన్నయ్యగారూ" అంది అతని భార్య నాతో. తర్వాత ఫోర్‌మన్ వైపు చూసి నవ్వింది. "మా ఆయన మిషనుకి దండేసింది మీరేనటండీ?"

"మళ్లీ ఏడాది నుంచి వెనకవైపు వేస్తానమ్మా" అన్నారాయన, చాలా గంభీరంగా.

"ఎనకాల నుంచే వేడి గాలి బయటికెల్తాది బావా. అటేసినా మూసీసినట్టే" అన్నాడు బావ.

"మరెక్కడ వెయ్యనయ్యా? దానికి నడుం లేదా?"

కింద మెట్ల దగ్గర పాత పేపర్లవాడి కేక వినపడింది. ఆమె వెంటనే పెట్టెల వైపు వెళ్లింది.

"ఉండనీలే" అన్నాడు బావ. "మంచి పెట్టెలు. ఎప్పుడైనా పనికొత్తాయి కదా."

"ఏటికి పనికొత్తాయి? మల్లీ సర్దుకోడానికా?" అందామె. "కిందకెట్టుకెల్లు. లాగి మడతెట్టి ఇచ్చీ."

అతను పెట్టెల అడుగులు విప్పి, ఒక్కొక్కటే పాదంతో తొక్కి చదును చేశాడు. ఫోర్‌మన్ కూడా లేచి రెండు తొక్కారు. కట్ట చంకలో పెట్టుకుని బావ మెట్లు దిగుతుంటే, ఆమె వంటింట్లోంచి రేపటి ఇడ్లీకి పప్పు నానబెట్టాలో వద్దో అడిగింది. నానబెట్టీ అని కింద నుంచి కేక వేశాడు.